పై వరస

సెయింట్ జీటా చర్చి నేలమాళిగలో
శుక్రవారం చేపల వేపుడు వాసన ఇంకా పోలేదు.
ఆ బల్లల మీదే ఇవాళ వోట్లు.
ఎరీ సరస్సు గాలి తలుపు తోసుకొస్తోంది.

ముప్పై ఒక్కేళ్లు
నెలలు నిండని పసికందుల వార్డులో చేశాను.
ఇరవై నాలుగు వారాల ప్రాణం ఎంత బరువో
నాకెవరూ చెప్పక్కర్లేదు.
నా పెళ్లుంగరం వాడి చేతికి తొడిగితే
భుజం దాకా జారేది.

అందుకే ఇన్నాళ్లూ ఒకే గడి నింపాను,
చదవకుండానే.

మొన్న మార్చిలో
నేను గెలిపించిన వాళ్ల మనుషులే వచ్చి
మా వీధి చివరి యెసెనియాని
తెల్లారకముందే తీసుకుపోయారు.
ఏడో నెల.
చెప్పులు గుమ్మంలోనే ఉండిపోయాయి.

అవతలి పార్టీవాళ్లు ఆమె కోసం కొవ్వొత్తులు పట్టారు.
నేనూ పట్టాను.
కడుపులో వాడికీ ఒకటి వెలిగిద్దామంటే
ఎవరో గొంతు సవరించుకున్నారు,
ఎవరో వాతావరణం సంగతెత్తారు.

"నీ మనస్సాక్షినడుగు" అన్నాడు ఫాదర్ వోయ్‌చెక్.
అడిగాను.
అది తిరిగి నన్నే అడిగింది.

స్కూలు బోర్డు నింపాను. జడ్జిని నింపాను.
మురుగుకాల్వల కమిషనర్ని కూడా.
పై వరసలో రెండు గడులు
బాకీ అడిగేవాళ్లలా చూస్తున్నాయి.
వెనక ఎవరో దగ్గారు.

యంత్రం కాగితాన్ని మింగి పచ్చ దీపం వెలిగించింది.
ఏం రాసినా అదే పచ్చ.
వాళ్లిచ్చిన స్టిక్కరు
కోటు లోపలివైపు అంటించుకున్నాను.

ఇంటికెళ్తూ ఆ గుమ్మం దగ్గర ఆగి
చెప్పులు చూరు కిందికి జరిపాను.
రాత్రికి మంచు పడుతుందట.