పెదవిని అడుగు

ప్రకాశం బజారు ఎన్క సందుల
పదిహేను మెట్లెక్కితే
సబీహా డాక్టరమ్మ పండ్ల దవాఖాన.
నాకు జీతం లేదు, కుర్చీ లేదు.
గోడకు ఆనుకొని నిలబడి
చూసుడే నా పని.

మొదటి వారమంత
నోళ్లు తెరిచినోళ్ల నోళ్లు కాదు,
కాళ్లు చూసిన.
మనిషి భయం
బొటనవేళ్లల్ల ముడుసుకొని ఉంటదని
నేను బట్టీ పట్టిన ఏ పుస్తకంల లేదు.

తర్వాత ట్రే పట్టుకున్న.
అద్దంపుల్ల, దూది, పట్టకారు
అడుగకముందే అందిచ్చుడు నేర్సిన.
ఓ దినం డాక్టరమ్మ తలెత్తకుండనే అన్నది
"నవనీతా, లైటు."
అప్పటిదాక నేను "అమ్మాయ్"నే.

మాది మర్రిగూడ దిక్కు తండ.
మా బోరునీళ్లు తాగి పెరిగినోళ్ల పండ్లకు
చాయ మరక.
నావి గూడ అంతే.
గందుకే ఏ ఫొటోల చూసినా
నా నవ్వు మూసిన దుకాణం.

మొన్న నాంపల్లి నుంచి ఓ పిలగాడొచ్చిండు.
ఎనిమిదేండ్లుంటయేమో.
"ఎల్లుండి బళ్లె ఫొటో దించుతరు,
అంతల తెల్లగైతయా?"
డాక్టరమ్మ వాని గదవ పట్టుకొని అన్నది
"పన్ను బయటికొచ్చినంక పడ్డ మరక కాదు నాయనా ఇది,
చిగురు కింద
ఇంకా వెలుతురు చూడకముందే
నీళ్లు రాసిపెట్టినయి."

వాడు చాక్లెట్ అడిగి,
లేదంటే అలిగి పోయిండు.
ఆ మాట మాత్రం
పొద్దుమూకేదాక నా నోట్ల తిరిగింది.

నా ర్యాంకు కాయితం
మడతలకాడ చినుగుతున్నది.
వెబ్ ఆప్షన్లకు శనివారం రాత్రి ఆఖరు.
"ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కూసో,
గుండె డాక్టరువైతవు,
పండ్లేంది పండ్లు" అని చిన్నాయన.
"కులం సర్టిఫికెట్ పాతది నడువదు,
ఎల్లుండి రా" అని మీసేవ పిలగాడు.
పోయినేడు నా దోస్తు జయవాణి
ఇంకా మంచి కాలేజీ వస్తదని ఆగి ఆగి
చేతికొచ్చిన సీటు
ఒక్క సాయంత్రంల పోగొట్టుకున్నది.
నాకేమో
ఇంకో నాలుగు నెలలు ఈ గోడకే ఆనుకోవాలనుంది.
చిట్యాల బస్సు కండక్టరుది
రూట్ కెనాల్ మూడో సిట్టింగ్ సోమవారం.
మొదలు చూసిన, నడుమ చూసిన,
ముగింపు చూడకుంట ఎట్ల?

శుక్రవారం మాపటికి ఉండబట్టలేక అడిగిన
"మేడమ్, ఇప్పుడే పెట్టాల్నా, ఆగాల్నా?"
ఆమె అప్పుడే ఓ పెద్దాయన దవడకు
మత్తు సూది ఇచ్చి
గోడ గడియారం దిక్కు చూస్తున్నది.
"ఇప్పుడే పీకితే అరుస్తడు.
తాపీగ చాయ్ తాగి, ఫోన్లు మాట్లాడొస్తే
మత్తు దిగుతది, మళ్ల పొడవాలె."
"మరి యాళ్లయిందని ఎట్ల తెలుస్తది?"
"గడియారం సగమే చెప్తది.
పెదవిని అడుగు."

పెద్దాయన దిక్కు వంగిన.
"తాతా, పెదవి ఎట్లుంది?"
"నాది కానట్టుంది బిడ్డా."
డాక్టరమ్మ చెయ్యి చాపింది.
పట్టకారు అప్పటికే నా చేతిల ఉంది.

శనివారం రాత్రి పదిన్నర.
రూముల కరెంటు లేదు,
ఫోన్ల పదిహేను పైసల చార్జింగు.
కాలేజీల పేర్లు పైకి కిందికి జరుపుతున్న,
చిన్నాయన ఫోను రెండుసార్లు మోగింది.
వేలితోని
నా కింది పెదవిని ముట్టి చూసుకున్న.
నవ్వొచ్చింది.
చీకట్ల ఎవరు చూస్తరు,
పండ్లన్ని కనవడేటట్టు నవ్విన.

ఓటీపీ ఆరు అంకెలు,
పది నిమిషాలే బతుకుతదట.
నాకు రెండు చాలినయి.

సోమవారం అందరికంటె ముందు మెట్లెక్కిన.
డాక్టరమ్మ ఏమడుగలే,
నేనేం చెప్పలే.
కండక్టరు కుర్చీల ఒరిగిండు,
బొటనవేళ్లు వదులుగనే ఉన్నయి.
లైటు తిప్పిన.