గుంట కాపలా

దొడ్లో గుంట మీద చెంగమ్మత్త
పాత రొయ్యల వల పరిచింది.
క్యాసెట్టు రీలు అడ్డంగా లాగి కట్టింది,
గాలేస్తే గుయ్యిమంటాది, పాట రాదు.

కొరమీను పిల్లలు నూటపది వదిలితే
మొన్నటికి డెబ్బై.
గుడ్డికొంగంట!
ఆ పేరు పెట్టినోడి కళ్ళు చూడాల.

నేలపట్టులో పిట్టని కొట్టరు.
అవొస్తేనే వాన.
అత్త రాయెత్తుతాది,
హుష్ అంటాది,
రాయిని మళ్ళా ఉన్నచోటే పెడతాది.

ఇయాల తెల్లారి చూస్తే
వలలో కాలు తగులుకోని కొంగ,
చేపని చూసినట్టే ఆమెని చూస్తా.
కత్తెర తెచ్చి వల కోసింది.
కొంగని తిట్టింది, వలని తిట్టింది,
పళ్ళు తోముకుంటున్న నన్ను కూడా.

వలకిప్పుడు కొంగంత కంత.
పొద్దుగూకేవేళ దాని పక్కనే పీటేసుకోని
ఒక కాలు మడిచి
అత్త కూసోనుంది,
నీళ్ళల్లోకి చూస్తా.