ఏమొచ్చింది

ఇనారి సరస్సు గడ్డకట్టాక
అవతలి ఒడ్డు గుడిసెలో
అయస్కాంతపు ముల్లొక్కటే మేలుకుని ఉంటుంది.
మనుషులుండరక్కడ. ఓ కంప్యూటరు, ఓ హీటరు,
కప్పు మీద మోకాలెత్తు మంచు.

రాత్రి రెండింటికి మారిత్ కూవా
ఇవతలి నుంచి ఒక్క ఫైలు అడుగుతుంది.
నిన్న ముల్లు ఎంత వణికిందో, అంతే.
కాపీ చేసే పనిముట్టు పాతది,
మా ఇద్దరి ఉద్యోగాలు కలిపినా దాని వయసు రాదు.
తెర మీద ఒక పేరు, నూరు శాతం,
మళ్ళీ నలుపు.

ఆమె మాత్రం డిస్కులో మిగిలిన చోటెంతో
ముందోసారీ తర్వాతోసారీ
గళ్ళ పుస్తకంలో పెన్సిలుతో రాసుకునేది.
నేను నవ్వేవాణ్ణి.
వడ్డించినవాడి ఎదుటే మెతుకులు ఎంచుతావేమని.

డిసెంబరు పందొమ్మిదిన తేడా వచ్చింది.
నాలుగు వేల తొంభై ఆరు బైట్లు.
తెర చూస్తే ఒక్క ఫైలే వచ్చానంటోంది.
కాఫీ పోస్తూ అన్నాను, దుమ్మేమో.
ఆమె తెల్లారేదాకా వెతికింది
అనబోయాను, ఆ నెలలో మాకు తెల్లారదు.

దొరికింది. సొంత ఇంట్లోనే, గడప పక్కనే,
పేరుకి ముందు చుక్క పెట్టుకుని.
చుక్క పెట్టుకున్నవి జాబితాలో కనబడవు.
మర్నాడు ఆమె లాగిన్ కాగానే
అందరికన్నా ముందు లేచి
ఆమె గొంతుతోనే ఆజ్ఞలు చదివేది అది.
వస్తూ వస్తూ తెర మీద తన వరసని
తానే చెరిపేసుకుంది,
నడుముకి చీపురు కట్టుకుని మంచులో నడిచినవాడిలా.

గుడిసెలో యంత్రం ఎప్పుడో ఎవరి చేతిలోనో పడింది.
ఎవరిదో ఇప్పటికీ తెలీదు.
నన్ను నిద్రపోనివ్వనిది అది కాదు.
తాళం విరగలేదు. కిటికీ పగల్లేదు.
మేమే పిలిచాం.
పిలిచిన పేరేది, వచ్చిన పేరేది
అని కలిపి చూసే దిక్కు
ఆ పనిముట్టులో ఎక్కడా లేదు.
పంపేవాడు ఏ పేరు చెబితే అదే పేరు.

తంపెరెకి ఫోన్ చేశాం.
ఇల్మారి వెన్‌స్కా, డెబ్బై ఆరేళ్ళు.
ఆ భాగం ఆయన రాసిందే.
వాదిస్తాడనుకున్నాను.
చాలాసేపు కుర్చీ కిర్రుమనడమే వినిపించింది.
"అప్పట్లో రెండు కొసలా మేమే ఉండేవాళ్ళం.
ఒకటే నడవా. పదకొండు గదులు.
ఫైలు పంపి గోడవతలికి కేకేసేవాణ్ణి, వచ్చిందా?
వచ్చింది, అని హిల్కా అరిచేది.
ఏమొచ్చింది అని ఎప్పుడూ అడగలేదు.
అటు ఉన్నది హిల్కా కదా."
కాసేపాగి, "ఆమె పోయి ఆరేళ్ళయింది" అన్నాడు.
దానికీ దీనికీ ఏమిటి సంబంధమని
మేమూ అడగలేదు.

మారిత్ తొమ్మిది వరసలు రాసింది.
అడిగిన పేరూ వచ్చిన పేరూ పక్కపక్కన నిలబెట్టి
ఒకటి కాకపోతే గడప దాటనివ్వదు.
మొదటి రాత్రే గుడిసె పంపిన అసలు ఫైలుని
అది వెనక్కి నెట్టేసింది.
మా భాషలో రాత్రి అనే మాటకి
నెత్తి మీద రెండు చుక్కలుంటాయి.
మేము చుక్కలతో కలిపి రాస్తాం అక్షరాన్ని,
గుడిసె అక్షరం వేరుగా చుక్కలు వేరుగా పంపుతుంది.
కంటికి రెండూ ఒకటే.
నమ్మకం నేర్చుకోనిదానికి
రాత్రి కూడా రాత్రిలా కనబడదు.
పదో వరస రాయాల్సొచ్చింది.

శనివారం మంచుకి బెజ్జం కొట్టి
ఆమె మేనమామ వల లాగుతున్నాడు.
సీకా చేప కోసం వేసిన వల.
సీకాలు వచ్చాయి, ఓ పైక్ కూడా,
నోట్లో ఇంకా దారాలు నములుతూ.
మారిత్ చేతి తొడుగు విప్పేసి
ఒక్కో చేపనీ తిరగేసి చూస్తోంది,
వేళ్ళు ఎర్రగా కందిపోయాయి.

రెండో బెజ్జం దగ్గర్నుంచి నేను కేకేశాను,
వచ్చిందా?
ఆమె తలెత్తలేదు.
ఇంకా చూస్తోంది.