రెండు గడియలు వెనక

పండుగప్ప ఎప్పుడు పడుతుందని అడిగాడు
బరంపురం నుంచి మోటారుసైకిలు మీద వచ్చిన కుర్రాడు,
మెరిసే చక్రం బిగించిన కర్ర పట్టుకుని.
మా దేశాలమ్మ పిన్ని వాడివైపు చూడలేదు.
ఇసకలో బొరియవైపు చూసింది.
"పీత ఇంకా బయటికి రాలేదు. కూసో."

బాహుదా ఇక్కడే సముద్రంలో కలుస్తుంది,
అంటే, కలవాలనిపించినప్పుడు.
ఎండల్లో మొగ పూడిపోతుంది.
ఇటు నీరు, అటు నీరు, మధ్య ఇసకదిబ్బ,
మాటల్లేని తోడికోడళ్ళ మధ్య తడికలా.
ఏరు ఉప్పెక్కి తేటపడుతుంది.
చేపకి తాడు కనిపిస్తుంది, నీ నీడ కనిపిస్తుంది,
నీ ఆత్రం కూడా కనిపిస్తుందంటుంది పిన్ని.
చైత్రంలో ఆమె గేలం ముట్టదు.
చిరిగిన వల కూడా ముట్టదు. ఊరికే పడుకుంటుంది.

మృగశిర వెళ్ళి ఆరుద్ర వచ్చాక
మహేంద్రగిరి మీంచి ఎర్రనీరు దిగుతుంది:
వెదురుబొంగులు, ఒంటి రబ్బరు చెప్పు,
ఎవరి పెరటిదో గుమ్మడిపాదు, కాయతో సహా.
ఒక రాత్రి మొగ తెగుతుంది.
ఆ చప్పుడు సోనాపురమంతా వింటుంది,
లేచి దీపం వేసేది మాత్రం పిన్నే.
ఆ వెనకొచ్చే పున్నమికో అమావాస్యకో
పెద్దవి వస్తాయి గుడ్లు పెట్టడానికి,
తీపినీరూ ఉప్పునీరూ ఎరగనట్టు
పక్కపక్కన నడిచే ఆ గీత దగ్గరికి.

"సిన్నదాన్ని కోస్తే పాలుంటాయి.
పది కేజీలు దాటినదాన్ని కోస్తే జన.
నలబయ్యేళ్ళుగా కోస్తన్నాను బాబూ,
పెద్దదాని కడుపులో పాలు సూడలేదు.
మగోడిగా పుడతాది, పెరిగి ఆడదౌతాది.
ఎవులికీ సెప్పదు. ఏ పోటు మీద మారతాదో."
కుర్రాడు నవ్వాడు.
ఫోనులో వెతికాడు.
నవ్వు ఆపేశాడు.

మా చెల్లెలి కూతురు బడిలో నేర్చుకొచ్చింది,
పోటుని జుఆర అంటారట, పాటుని భట్టా.
పిన్నికి ఆ పేర్లేవీ అక్కర్లేదు.
ఎక్కతంది. దిగతంది. అంతే.
ఎక్కినప్పుడు చేప మడచెట్ల వేళ్ళలోకి చెదిరిపోతుంది,
ఎవడూ పట్టలేడు.
దిగడం మొదలైనప్పుడు బురదమీది బొంతలన్నీ
గండిలోంచి కిందికి జారతాయి.
అక్కడ మలుపులో
మూతి ఒరవడికి ఎదురుపెట్టి
రేషను వరసలో నిలబడ్డట్టు నిలబడుతుంది పండుగప్ప.
ముప్పావు గంట. మహా అయితే గంట.
అష్టమి నాడైతే అదీ లేదు,
పంచాయితీలో పెద్దమనిషిలా
నీరు ఎటూ తేల్చదు.
పుష్యం చలికి అడుగునే ముడుచుకుంటుంది చేప,
నడిమధ్యాహ్నం ఎండ దిగేదాకా నోరు తెరవదు.

పోటు రోజుకి రెండు గడియలు వెనకబడుతుంది.
అందుకే పిన్ని ఏ పెళ్ళికీ వేళకి రాలేదు.
ఇవాళ పదింటికి వంట చేస్తే
రేపు పదకొండవుతుంది, ఎల్లుండి పొయ్యే వెలగదు.
బాబాయి పోయిన పగలు నేనే పరిగెత్తి చెప్పాను.
నీరు తిరిగేదాకా ఉండి వచ్చింది.
ఊరు నానా మాటలూ అంది.
చేతిలో చేప లేదు, గేలం కూడా లేదు.
ఎందుకు ఉండిపోయావని
నేనింతవరకూ అడగలేదు.

పీత బయటికొచ్చింది. ఇసక ఉండలు విసురుతోంది.
పిన్ని లేచి చీర మోకాళ్ళపైకి దోపుకుంది.
కుర్రాడు ఏటికి అవతలిదాకా విసిరాడు,
చక్రం జుయ్యిమంది.
ఆమె బతికున్న బొంతని ముల్లుకి గుచ్చి
కాళ్ళదగ్గరే వదిలింది, చంటిపిల్లని తొట్లో వేసినట్టు.

తాడు ఒకసారి అదిరింది. ఆగింది. వెళ్ళిపోయింది.
పైకి తీస్తే జానెడు మించి మూరెడు లేదు.
కన్ను ఎర్రగా, నిప్పులా.
ముల్లు తీసి, బొటనవేలితో పొట్ట తడిమి,
నీళ్ళలో పెట్టి చెయ్యి విప్పింది.
"పోరా," అంది.
కాసేపు నీళ్ళకేసి చూసి,
"పెద్దయ్యాక రావే."

ఏమన్నావని అడిగాడు కుర్రాడు.
ఆమె అప్పటికే బకెట్లో చెయ్యిపెట్టి
ఇంకో బొంతకోసం తడుముతోంది.