ఒట్టి కాలు

మూడు లాంతర్లు దాటాక, మందుల షాపు మేడమీద
ఎర్ర గచ్చు గది.
గచ్చు మీద సుద్దముక్కతో పాదాలు గీశారు మోజెస్ మాస్టారు,
మగపాదం పెద్దది, ఆడపాదం చిన్నది.
నాది తొమ్మిదో నంబరు చెప్పు. ఆ చిన్నదాంట్లో పట్టదు.

"ఎడమ ముందుకి. కుడి పక్కకి.
ఎడమొచ్చి కుడిని కలుసుకోవాల.
నీకు అదే అద్దంలో సూసినట్టు. ఇంకేటీ నేదు."

ఇంకేటీ లేదనే మాటని నమ్మకూడదని
టికెట్ మిషను పట్టిన మొదటిరోజే నేర్చుకున్నాను.

నా ఎదురుగా లక్షుంనాయుడు.
తొమ్మిదేళ్ళుగా సాలూరు బస్సుకి
ఆయన డ్రైవరు, నేను కండక్టర్ని.
ఆయన మొహం రోడ్డుకి, నా మొహం జనానికి,
మధ్యలో ఒక తాడు, ఒక గంట.
ఒకటి కొడితే ఆగు. రెండు కొడితే పద.
ఇంతదాకా మా మాటలన్నీ ఆ రెండే.
ఆయన కుడి కనుబొమ్మ మీద మచ్చ ఉందని
ఇవాళే చూశాను.

గోడవార బల్ల మీద ఆయన భార్య నీలవేణి
ఉడకేసిన పల్లీలు ఒలుచుకుంటూ,
"ఓలమ్మా! కాలు తొక్కేత్తన్నాడు, హారన్ కొట్టమను!"
నువ్వు రా అంటే రాదు.

ఆయనవి కూర్చుని తొక్కిన కాళ్ళు.
ఒంటి బరువు సీటు చూసుకుంటుందని వాటి ధీమా.
నావి నిలబడ్డ కాళ్ళు,
మలుపులో కమ్మీ పట్టుకోకుండా చిల్లర లెక్కపెట్టినవి.
అవి ఎవర్నీ నమ్మవు.
రెండూ ఒకేసారి నేలని కరిచిపెట్టుకుంటాయి.

మాస్టారు వంగి నా మడమ మీద స్కేలుతో తట్టారు.
"బరువున్న కాలు కదల్దమ్మా.
ముందు ఒకదాన్ని కాళీ సెయ్యి.
ఏది ఒట్టిదో, అదే నడుస్తాది."

నాయుడు ఆగి ఆలోచించాడు. "అంటే న్యూట్రలన్నమాట."
మాస్టారికి బండి నడపడం రాదు.
అయినా తల ఊపారు.

మళ్ళీ మొదలు. మూడోసారికి
ఆయన మోకాలు కదలకముందే
నా కాలు వెనక్కి తప్పుకుంది.
ఎవరూ గంట కొట్టలేదు.
నీలవేణి చేతిలో పల్లీ అలాగే ఉండిపోయింది.
నాలుగోసారి మళ్ళీ తొక్కాడు.
డిపో ఫంక్షనుకి ఇంకా పన్నెండు రోజులుంది.

తెల్లారగట్ల అయిదింటి బస్సు.
రామభద్రపురం సంతకి వంకాయ గంపలు, బీర గంపలు,
గోనెసంచిలోంచి తల పెట్టిన కోడిపుంజు.
మానాపురం దగ్గర గతుకు.
గంపలు ఎగిరాయి, ఎవరో మున్సిపాలిటీని తిట్టారు,
అక్కడ మున్సిపాలిటీ లేదు.

నేను తాడు మీద చెయ్యేసి నిలబడే ఉన్నాను
కుడికాలు ఖాళీ చేసుకుని.
ముందు అద్దంలో ఆ మచ్చ కనిపిస్తుందేమోనని చూశాను.
సంచులు అడ్డం.
ఒక ముసలమ్మ దిగింది.
రెండు కొట్టాను.