గాలి లెక్క

పోటోసీకి అవతల, లారీలు సైతం ఆయాసపడే ఎత్తులో
గని నోటి దగ్గర నా ఉద్యోగం
గాలికి కాపలా.

రెండు చక్రాల మీద పసుపు పెట్టె.
దాని కడుపులో డీజిల్ ఇంజను.
తోకలాంటి నల్ల గొట్టం నాలుగు వందల మీటర్లు
చీకట్లోకి పాకిపోయి
మూడు డ్రిల్లులకు ఊపిరి పోస్తుంది.
నేను పైన, వాళ్ళు లోపల.

పదకొండేళ్ళు అది ఒకే గొంతుతో అరిచింది.
గుమెర్సిందో రాయి తొలుస్తున్నా అదే అరుపు,
డ్రిల్లు పక్కన పడేసి కోకా ఆకు బుగ్గన పెట్టుకున్నా అదే.
మందు కూరి, వత్తి ముట్టించి,
పొగ పోయేదాకా అందరూ బయట కూర్చుని
ఉడికిన బంగాళదుంపలు ఒలుచుకుంటున్నా సరే,
పెళ్ళివారు వెళ్ళిపోయాక కూడా
వాయిస్తూనే ఉన్న బ్యాండు మేళంలా
ఎవరి కోసమో ఊదుతూనే ఉండేది.

సూదిని ఎనిమిది మీద నిలిపిందెవరో తెలీదు.
డ్రిల్లుకి ఆరు చాలు.
"ఎందుకైనా మంచిది" అనేవాడు డోన్ సెవెరో.
ఆ ఎందుకైనా మంచిదాన్ని
పీపాల లెక్కన మోసింది నేను.
తెల్లవారుజామున మూడింటికి వెళ్ళినా
బంకు ముందు వరసలో
నా పీపా అరవయ్యోది.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు.
మేం వంగి తిన్నాం, పాకి తిన్నాం,
కొండ ఎలాగూ కరుగుతూనే ఉంది.
కూర్చుని తిన్నది ఆ పెట్టె ఒక్కటే.

ఒరూరో నుంచి అడెమార్ వచ్చాడు,
బిస్కెట్ల డబ్బాలో అరచేతంత కంట్రోలరుతో.
అరిగిన స్ప్రింగూ, తుప్పు తీగా పీకేసి
గాలి ట్యాంకుకి ఒక సెన్సరు బిగించాడు.
సూదిని ఆరున్నరకి దించాడు.
"ఇన్నాళ్ళూ దీనికి చెవుడమ్మా" అన్నాడు.

ఇప్పుడు మూడు డ్రిల్లులూ దిగితే గొంతు చించుకుంటుంది.
ఒకటి ఆగితే ఒక మెట్టు దిగుతుంది.
అన్నీ ఆగితే గొణుక్కుంటూ
ఏడు నిమిషాలు చూసి
తనంతట తనే ఆరిపోతుంది.
లోపల ఎవరైనా మీట నొక్కితే మళ్ళీ లేస్తుంది.

మొదటిసారి ఆరిపోయినప్పుడు
ఆడది దాటకూడదన్న గడప దాటి
గనిలోకి పరుగెత్తాను.
అన్నేళ్ళలో నిశ్శబ్దానికి
నాకు తెలిసిన అర్థం ఒకటే.
ఇరవై అడుగులు పోయానో లేదో
తెయోఫిలో గొంతు, ఏదో బూతు జోకు,
వెనకే అందరి నవ్వు.
గొట్టం పక్కనే కూలబడి నేనూ నవ్వాను.

రెండో వారం, అందరూ బయటే ఉన్నారు, అది ఆరలేదు.
అడెమార్‌కి ఫోను చేసి తిట్టాను.
"దానికి సరిగ్గానే వినబడుతోంది. ఎవరో తాగుతున్నారు, వెతుకు."
బకెట్ నిండా సబ్బు నీళ్ళు, చేతిలో గుడ్డ.
గుమెర్సిందో దీపం పట్టుకుంటే
గొట్టాన్ని పశువును కడిగినట్టు కడుగుతూ పోయాను.
నూట ముప్పయ్యో మీటరు దగ్గర
ఎప్పుడో బండి చక్రం తొక్కిన చోట
చొంగ కార్చే పసివాడి నోట్లోలా
బుడగ మీద బుడగ.
ఎన్నేళ్ళ నుంచో!
ఎవరూ పీల్చని గాలికి అంత డబ్బు కట్టామా?
సైకిల్ ట్యూబు ముక్క, రెండు క్లాంపులు. అంతే.

నెలకి పన్నెండు పీపాలు
ఎనిమిదిన్నరకి దిగాయి.
బంకువాడు నిజాయితీపరుడైపోయాడేమో అన్నాడు సెవెరో.

ఇంజను పాట నాకు కంఠతా వచ్చింది.
కళ్ళు మూసుకుని చెప్పగలను,
విడవకుండా ఒకే దమ్ములో లాగేది గుమెర్సిందో,
చివర్న రెండుసార్లు కుదిపి ఆపేది కొత్త కుర్రాడు.
తెయోఫిలోది మధ్యలో తెగుతుంది.
కాస్త లాగి, ఆగి,
మళ్ళీ కాస్త.
పోయిన నెల గంటకి నాలుగు ఆగడాలు.
ఈ నెల తొమ్మిది.
అతను ఆగినప్పుడల్లా ఇంజను మర్యాదగా గొంతు తగ్గించి
అతని దగ్గు అయ్యేదాకా కాచుకుంటుంది.

నెలాఖరున పుస్తకం తెరిచాను.
మరో ఇరవై లీటర్లు తగ్గాయి.
ఎందువల్ల, అని ఒక గడి ఉంటుంది.
మిగతా గడులన్నీ నింపాను.
ఆ ఒక్కదాంట్లో
ఆదా అని రాయడానికి
చెయ్యి రాలేదు.