గోడలు చెమర్చే నెల

హైఫాంగ్‌లో మార్చి.
వాన పడదు. అయినా
ఎవరో ఇప్పుడే కడిగి వెళ్ళినట్టు మెట్ల నిండా తడి.
అద్దంలో నా ముఖం ఉండదు, ఆవిరి ఉంటుంది.
ఉతికిన చొక్కా నాలుగో రోజుకీ
తీగ మీద పచ్చిగానే వేలాడుతుంది.

కింది వాటాలో కొత్తగా దిగిన పిల్ల, దియెప్,
కిటికీలన్నీ బార్లా తెరిచింది,
గాలి ఆడితే ఆరుతుందని.
పరుగున దిగి మూయించాను.
"సముద్రం మీంచి వచ్చే గాలమ్మా ఇది,
ఆరబెట్టదు, తడిపి పోతుంది.
ఉత్తరపు గాలి తిరిగేదాకా తలుపు తీయకు."
చాదస్తపు ముసలిదాన్ని చూసినట్టు చూసింది.
చూడనీ.

నా బీరువాకీ గోడకీ మధ్య జానెడు దూరం.
కాళ్ళ కింద ఇటుకలు.
లోపల, పాత పేపర్లో చుట్టిన బొగ్గు,
మేజోడులో పోసి ముడేసిన వేయించిన బియ్యం,
మూత లేని సీసాలో సున్నపురాయి.
అది చెమ్మ తాగి తాగి పిండైపోతే
పారబోసి కొత్తది పెడతాను.
మా ఆయన ఖ్వాత్ ఓడల్లో రేడియో మనిషి.
ఆయన రాసుకున్న పదకొండు పుస్తకాలూ
ఇంకా కరకరలాడుతూనే తెరుచుకుంటాయి.

ఇంత తెలిసీ ఒకసారి ఓడిపోయాను.

అన్నిటికన్నా అపురూపమైన ఫొటో.
చెల్లెలు థోవా, పదిహేడేళ్ళు,
రేవు దగ్గర, అరువు సైకిలుతో.
దానికి తడి తగలకూడదని
ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పైన ఇంకో సంచి తొడిగి,
అంచులు కొవ్వొత్తి మంటతో అతికించి
అట్టడుగున దాచాను.
దాచిన రోజు కూడా ఇలాంటి మార్చే.
తడిని లోపల పెట్టి నేనే సీలు వేశానని
తెలియడానికి ఆరేళ్ళు పట్టింది.

విప్పేసరికి బూజు.
దూది కన్నా మెత్తగా, బూడిద రంగులో,
ముఖాన్ని తినేసింది. మెడనీ.
హ్యాండిల్ మీది వేళ్ళు మాత్రం వదిలేసింది,
గంట మీద బొటనవేలు.

తడిగుడ్డ తీసుకున్నాను.
ఫొటో దుకాణం ముసలాయన క్వీ
నా మణికట్టు పట్టుకున్నాడు.
"తుడిస్తే ఆ వేళ్ళు కూడా పోతాయి.
ముందు ఆరనీ, నీడలో.
తర్వాత మెత్తని కుంచె, ఒకే వైపుకి.
ముక్కుకి గుడ్డ కట్టుకో."
డబ్బులిస్తే తీసుకోలేదు,
దగ్గుతూ లోపలికి పోయాడు.

ఇప్పుడది కాగితపు కవర్లో, పై అరలో.
నెలకోసారి తీసి వాసన చూస్తాను.
"ఎవరు?" అంటాడు మనవడు.
"బెల్లు కొడుతోంది చూడు" అంటాను.

ఈ మధ్యాహ్నం దియెప్ పైకొచ్చింది.
చేతిలో వాళ్ళమ్మ పెళ్ళినాటి పట్టు ఆవ్ జాయ్,
మెడపట్టీ మీద ఆవగింజలంత నల్లచుక్కలు.
ఏమీ అనలేదు.
నేనూ కిటికీల మాట ఎత్తలేదు.
మూకుట్లో బియ్యం పోసి పొయ్యి మీద పెట్టాను.
గింజలు దోరగా వేగే లోపల
ఇద్దరం మేజోళ్ళు వెతుకుతున్నాం,
జత పోయినవి, చిల్లు పడనివి.